మావయ్య రేసు కారు: బాగు చేయించడమా, ఉన్నదున్నట్టు అమ్మడమా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీ మావయ్యగారు పోయాక ఆయన షెడ్డులో 1960ల నాటి సింగిల్ సీటర్ రేసు కారు ఒకటి మీ చేతికొచ్చింది. ఆ మోడల్లో ఫ్యాక్టరీ చేసినవే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అల్యూమినియం మోనోకాక్, అంటే విడిగా ఫ్రేము లేకుండా రేకులతోనే కట్టిన ఒళ్లు, ఎడమ పక్క నలిగింది. ఇంజన్ బండిలో లేదు, పక్కన చెక్కపెట్టెలో ఉంది. ఎర్ర రంగు పెచ్చులూడుతోంది. ఒక వర్క్‌షాపు వాళ్లు ఏడాదిన్నరలో కొత్తదానిలా చేసిస్తామన్నారు. ఇంకొకాయన ఉన్నదున్నట్టు కొంటాను, నెలాఖరులోగా మాట చెప్పండి అన్నాడు. బాగు చేయించాలా, అమ్మేయాలా?

నెలాఖరులోగా రెండూ చేయకండి.

ముప్పై ఏళ్లకు పైగా ఇలాంటి బళ్లు విప్పుతూ బిగిస్తూ బతికినవాణ్ని. నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లూ ఇదే ప్రశ్నతో వచ్చారు. అప్పటికి తమ దగ్గరున్నది ఏ కారో, అంటే ఆ మోడల్లో ఏ నంబరు బండో, తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. మీ వర్క్‌షాపు వాళ్లు ఖర్చు చెప్పారు, ఆయన ధర చెప్పాడు. అది ఏ కారో మాత్రం ఇద్దరూ చెప్పలేదు. అది తేలకుండా పెట్టే ప్రతి పైసా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

"ఛాసిస్ ప్లేటు, అదే బండి నంబరు కొట్టిన రేకు ముక్క, ఉంది కదా" అంటారు. ఉంది. కానీ ఆ రోజుల్లో రేసు టీములకి ఇవి పనిముట్లు. ఆదివారం గోడకి గుద్దితే, వచ్చే ఆదివారానికి కొత్త మోనోకాక్ మీద పాత ప్లేటే కొట్టేసి బయల్దేరేవాళ్లు. సరిహద్దు దాటడానికి కస్టమ్స్ కాగితాలు ఏ నంబరు మీద ఉంటే ఆ ప్లేటునే చేతికందిన బండికి తగిలించిన సందర్భాలూ ఉన్నాయి. పక్కన పారేసిన వంకర మోనోకాక్‌ని ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో కొనుక్కుని, సాగదీసి, దాని చుట్టూ ఇంకో కారు కట్టుకున్నారు. అలా ఒకే నంబరు నాదంటే నాదని రెండు కార్లు తిరిగిన కథలు ఈ లోకంలో కొత్తేమీ కాదు. ప్లేటంటారా, ఓ మధ్యాహ్నం కూర్చుంటే చెక్కేయొచ్చు.

ఈ గొడవ ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి ఒక కేసుంది. 'ఓల్డ్ నంబర్ వన్' అని పిలిచే బెంట్లీ స్పీడ్ సిక్స్ 1929లో, 1930లో వరసగా రెండుసార్లు ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల లె మాన్స్ రేసు గెలిచింది. తర్వాత ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్‌లో పరుగెత్తింది, 1932లో అక్కడే ఘోర ప్రమాదంలో డ్రైవర్ చనిపోయాడు. బండిని మళ్లీ కట్టారు. మధ్యలో ఇంజన్ మారింది, బాడీ మారింది, ఫ్రేము మారింది. దశాబ్దాల తర్వాత దానికి కోటి పౌండ్లకి బేరం కుదిరింది. తీరా కొనేవాళ్లు "లె మాన్స్ గెలిచిన కారు ఇది కాదు" అని వెనక్కి తగ్గారు. 1990లో లండన్ హైకోర్టు అమ్మినాయన పక్షానే తీర్పిచ్చింది. 1929 నాటి భాగాలు దాదాపు మిగల్లేదని జడ్జి ఒప్పుకున్నాడు. అయినా ఆ కారు ఎక్కడా ఆగిపోయి మరొకటిగా పుట్టలేదు, ఒకే బండిగా బతుకుతూ మారుతూ వచ్చింది కాబట్టి అది అదే కారన్నాడు. ఇనుము మారినా బండిని నిలబెట్టింది తెగని చరిత్ర. మీ షెడ్డులో మీరు ముందు వెతకాల్సిందీ అదే.

ఎక్కడ వెతకాలంటే, మొదట ప్లేటు కాకుండా మిగతా నంబర్లు. మోనోకాక్ లోపలి బల్క్‌హెడ్ల (అడ్డగోడల్లాంటి పలకల) మీద కొట్టిన అంకెలు, గేర్‌బాక్స్ కేసింగ్ మీదివి, ఇంజన్ బ్లాకు మీదివి. తర్వాత రివెట్లు. చేత్తో కొట్టిన రివెట్ల వరస మనిషి వేలిముద్ర లాంటిది. ఒకచోట రెండు దగ్గరగా పడతాయి, ఇంకోచోట వరస కాస్త వంకరపోతుంది. అప్పటి రేసుల్లో తీసిన స్పష్టమైన ఫోటో ఒకటి దొరికితే, భూతద్దం పెట్టి మీ బండితో పోల్చండి. ఆ వంకర అక్కడా ఇక్కడా ఒకేలా ఉంటే, సగం పని అయిపోయినట్టే. ఫోటోలు పాత మోటార్ పత్రికల్లో, రేస్ ట్రాక్‌ల సేకరణల్లో, అప్పటి ఫోటోగ్రాఫర్ల నెగటివ్‌లలో దొరుకుతాయి. ఎంట్రీ లిస్టులు, ఫ్యాక్టరీ అమ్మకాల పుస్తకం, మీ మావయ్యగారు కొన్నప్పటి రసీదు, ఆయన రాసుకున్న ఉత్తరాలు, చివరికి టైర్ల బిల్లు కూడా పారేయకండి. షెడ్డు ఊడ్చే ఉత్సాహంలో ఇంట్లోవాళ్లు మొదట తగలబెట్టేది పాత కాగితాల కట్టనే. ఇది నేను రెండు ఇళ్లలో చూశాను.

ఒక జాగ్రత్త. ప్రపంచ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్‌ఐఏ ఇచ్చే హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్ట్ చూపించి "ఇదిగో అసలు కారని రుజువు" అనేవాళ్లు తగులుతారు. అది ఆ బండి ఫలానా కాలపు నిర్మాణానికి తగ్గట్టుగా ఉంది, రేసులో దిగొచ్చు అని చెప్పే కాగితం. పుట్టుక ధ్రువపత్రం కాదు. మంచి నకలుకి కూడా ఆ పాస్‌పోర్ట్ వస్తుంది.

ఈ వెతుకులాటకి ఆ కంపెనీ కార్ల చరిత్ర తెలిసిన మనిషిని విడిగా ఫీజు ఇచ్చి పెట్టుకోండి. రేపు బాగు చేయబోయేవాడూ కాకూడదు, కొనబోయేవాడూ కాకూడదు. రెండు మూడు నెలలు పడుతుంది. పట్టనివ్వండి.

ఈలోగా బండిని కడగకండి. పాలిష్ పెట్టకండి. పెచ్చులూడే రంగుని గోకకండి. ఈ మాట ఎందుకింత గట్టిగా అంటున్నానో చెప్తాను. నాకప్పుడు పాతికేళ్లు. పనిచేసే వర్క్‌షాపులో 50ల నాటి చిన్న స్పోర్ట్స్ రేసర్ ఒకటి వచ్చింది. రంగు తీసేయమన్నారు, స్ట్రిప్పర్ పూసి గీరుడుకర్రతో లాగేశాను. అల్యూమినియం అద్దంలా మెరిసింది, మేస్త్రీ భుజం తట్టాడు. ఒక్క తలుపు మూల మాత్రం మర్చిపోయాను. మర్నాడు ఆ మూలని తడి ఎమెరీ పేపరుతో నెమ్మదిగా రుద్దుతుంటే పైన ఎరుపు, దాని కింద తెలుపు, తెలుపు కింద లేత నీలం. ఆ నీలం మీద వంపు తిరిగిన ఒక నల్లటి అంచు, గోరంత. అది రేసు నంబరు గుండ్రం అంచు. ఆ నీలమే ఆ కారు మొదటి సీజన్ రంగు. ఫోటోలన్నీ నలుపు తెలుపువి కావడంతో ఆ సంగతి అప్పటిదాకా ఎవరూ నిరూపించలేకపోయారు. సాక్ష్యమంతా నేను ముందురోజే చెత్తబుట్టలో వేశాను. మిగిలింది ఆ మూలే.

ఇది నా పశ్చాత్తాపం మాత్రమే అనుకోకండి, లోకం కూడా అటే తిరిగింది. 2024లో అమెరికాలో పాత కార్ల అందాల పోటీ లాంటి పెబుల్ బీచ్‌లో మొదటి బహుమతి, బెస్ట్ ఆఫ్ షో, ఇచ్చింది 1934 నాటి బుగాటి టైప్ 59కి. గ్రాండ్ ప్రీ అనే పెద్ద రేసుల కోసం చేసిన కారది, ఆ ఏడాదే బెల్జియన్ గ్రాండ్ ప్రీ గెలిచింది, తర్వాత బెల్జియం రాజు లియోపోల్డ్ దగ్గరికి చేరింది. రంగు వెలిసి, గీతలు పడి, ఉన్నది ఉన్నట్టుగానే వచ్చి గెలిచింది. రీస్టోర్ చేయని కారుకి అక్కడ ఆ బహుమతి రావడం అదే మొదలు. 70 ఏళ్లకు పైగా ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులోని మజ్జోరె సరస్సు అడుగున పడి ఉన్న 1925 నాటి బుగాటి బ్రెషియాని 2009లో పైకి లాగితే, ఒక పక్క తుప్పు తినేసిన ఆ అస్థిపంజరం మరుసటి ఏడు వేలంలో 2,60,500 యూరోలు పలికింది. 2023లో అమెరికాలోని మాంటెరీ వేలంలో ఫెరారీ 500 మొండియాల్ ఒకటి, దశాబ్దాల కిందట కాలిపోయి నలిగిన రేకుల ముద్ద, 18.75 లక్షల డాలర్లకి పోయింది.

ఇవి చదివి సంబరపడకండి. ఆ రేకుల ముద్దకి అంత ఇచ్చింది రేకులకి కాదు. అది ఏ కారో, 1954లో ఏ రేసుల్లో పరుగెత్తిందో సందేహం లేకుండా తెలుసు కాబట్టి ఇచ్చారు. మీది ఏ కారో ఇంకా తెలీదు.

ఇంకోవైపు, "పాతదనాన్ని ముట్టుకోకూడదు" అనే మడి కూడా నాకు లేదు. రేసు కారు విషయంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. 60ల సింగిల్ సీటర్లలో చక్రాలు, సస్పెన్షన్ అప్‌రైట్లు (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే పోతభాగాలు), గేర్‌బాక్స్ కేసింగ్ చాలావరకు మెగ్నీషియం. తేలిక, కానీ గాలిలో తేమ తగిలితే లోపల్నుంచి తెల్లటి పొడిగా తినేస్తుంది. పైన రంగు బాగానే ఉంటుంది. ఒకసారి ఓ అప్‌రైట్ తెచ్చారు, చూడ్డానికి ముచ్చటగా ఉంది, "దీనికేం అవసరం లేదులెండి" అన్నారు. శుభ్రం చేసి ఎర్ర డై పూసి, కాసేపాగి తుడిచి, మీద తెల్ల డెవలపర్ చల్లాను. రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత బేరింగ్ గూడు అంచు నుంచి వెంట్రుకవాసి ఎర్ర గీత మొదలై, నా కళ్ల ముందే బొటనవేలంత పొడవు సాగింది. కంటికి కనపడని పగులు అది. తెచ్చినాయన కుర్చీలో కూలబడ్డాడు. ఆయన ముందువారమే ఆ బండిని గంటకి రెండొందల కిలోమీటర్ల మీద తోలాడు. ఇనుప భాగాలకైతే అయస్కాంత పరీక్ష, మెగ్నీషియం, అల్యూమినియానికి ఈ డై పరీక్ష. స్టీరింగ్ ఆర్మ్‌లు, స్టబ్ యాక్సిల్స్, హబ్‌లు, చక్రాలు, ఒక్కటి కూడా వదలకూడదు. అన్నట్టు, మెగ్నీషియం మీద గ్రైండర్ పెట్టకండి. ఆ పొడి అంటుకుంటే నీళ్లు పోసేకొద్దీ మండుతుంది.

కాబట్టి ఆ బండి పరుగెత్తాలంటే కొన్ని అసలు భాగాలు పక్కకి తప్పుకోవాల్సిందే. దానికి మర్యాదైన దారి ఉంది. 2017లో 2.255 కోట్ల డాలర్లకి అమ్ముడైన ఆస్టన్ మార్టిన్ డీబీఆర్1 బండిలో, పరుగుకోసం కొత్తగా చేసిన నకలు ఇంజన్ ఉంది. అసలు ఇంజన్‌ని భద్రంగా పక్కన పెట్టి, బండితోపాటే ఇచ్చారు. చిన్న బళ్లకీ ఇదే సూత్రం. కొత్త అప్‌రైట్లు పోత పోయించి బిగించండి, పాతవాటికి చీటీ కట్టి పెట్టెలో పెట్టండి. నలిగిన ఎడమ ప్యానెల్ మార్చాల్సొస్తే తీసిన రేకుని కూడా పారేయనివ్వకండి, దాని మీద రివెట్ రంధ్రాలున్నాయి. మీ వర్క్‌షాపు వాళ్లని "తీసేసిన పాత ముక్కలు ఏం చేస్తారు?" అని మాత్రం అడిగి చూడండి. "స్క్రాపుకి వేస్తాం" అంటే దణ్ణం పెట్టి వచ్చేయండి.

ఇక ఖర్చు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. రేసు కారు బాగుచేయించి ఉంటే అది కూడా కలిపేవాళ్లే. వాళ్లు చెప్పిన అంచనాలో మోనోకాక్, ఇంజన్, రంగు ఉంటాయి. లేని సామాను సంగతి ఉండదు. దొరకని ఒక్క చిన్న పోతభాగం కావాలంటే చెక్క అచ్చు చేయించాలి, పోత పోయించాలి, లేత్ మీద, మిల్లింగ్ మీద తిప్పించాలి. ఒకటి చేసినా పది చేసినా అచ్చు ఖర్చు అంతే. పాత రివెట్లు డ్రిల్ చేసి తీసేదాకా లోపలి బల్క్‌హెడ్ ఎలా ఉందో ఆ బ్రహ్మకి కూడా తెలీదు.

ఇక్కడ ఇంజన్ ఏదన్నది జాతకం మార్చేస్తుంది. పెట్టెలో ఉన్నది, ఎన్నో టీములు వాడిన కాస్వర్త్ డీఎఫ్‌వీ అనే ఇంజన్ లాంటిదైతే మీరు అదృష్టవంతులు. అది 1967లో నెదర్లాండ్స్‌లోని జాండ్‌ఫోర్ట్‌లో తన మొదటి రేసే గెలిచి, మొత్తం 155 గ్రాండ్ ప్రీలు గెలిపించింది. ఇప్పటికీ హిస్టారిక్ రేసుల్లో పరుగెత్తుతోంది కాబట్టి సామాను కొత్తగా చేసి అమ్ముతున్నారు. హ్యూలాండ్ గేర్‌బాక్స్‌దీ అదే సంగతి. అలా కాక ఒకే ఒక్క టీము రెండేళ్లు వాడి వదిలేసిన ఇంజన్ అయితే, ప్రతి పిస్టన్ రింగూ ఆర్డర్ ఇచ్చి చేయించుకోవాల్సిందే.

పూర్తయ్యాక కూడా ఖర్చు ఆగదు. ఈ ఇంజన్ల ఆయుష్షు కిలోమీటర్లలో లెక్కపెట్టరు, గంటల్లో. అన్ని గంటలు కాగానే మళ్లీ విప్పాలి. ఎఫ్‌టీ3 తరహా ఇంధన సంచికి (రేసు కార్లలో పెట్రోలు ట్యాంకుగా వాడేది) తయారైన తేదీ నుంచి 5 ఏళ్లే గడువు, పరీక్ష చేయించి పొడిగిస్తే ఇంకో 2. బండి షెడ్డులో కదలకుండా ఉన్నా ఆ తేదీ మాత్రం కదులుతుంది. సీటు బెల్టులదీ అంతే.

బాగుచేయించి లాభానికి అమ్ముదామనుకుంటున్నారా? వద్దు. నేను చూసినంతలో ఆ లెక్క కుదిరినవాళ్లు అరుదు. పెట్టిన ఖర్చు తిరిగి రాకపోవడం ఒకటైతే, ఈ కార్లు కొనేవాడికి ఎవరి మేస్త్రీ మీద వాడికే నమ్మకం. మీరు చేయించిన పని మీద మళ్లీ తన మనిషితో విప్పిస్తాడు, ఆ ఖర్చు మీ ధరలోంచి కోస్తాడు. పైగా తాజా రంగు కింద ఏముందో అని అనుమానం. పెచ్చులూడిన బండికి ఆ బాధ లేదు, అన్నీ కంటికి కనపడుతున్నాయి. ఇంతకంటే దరిద్రం ఒకటుంది, సగం విప్పి డబ్బు చాలక వదిలేయడం. ముక్కలు నాలుగు పెట్టెల్లో, రెండు పెట్టెలు వేరే ఊళ్లో, ఆ మేస్త్రీ ఫోన్ ఎత్తడు. అలాంటి బండికి ముట్టుకోని బండి ధర ఏనాటికీ రాదు. మొదటికే మోసం అంటే అదే.

మరి ఎప్పుడు బాగు చేయించాలి? మీరు తోలాలనుకుంటే. మొనాకో హిస్టారిక్ గ్రాండ్ ప్రీ, గుడ్‌వుడ్ రివైవల్ లాంటి పాత కార్ల రేసుల్లో దిగాలని మనసులో ఉంటే, ఆ రేసులకి మీ బండి అర్హమైతే, ప్రతి ఏడూ పెట్టే ఖర్చు చూసి నిద్ర చెడకపోతే. ఇంకో చిన్న పరీక్ష ఉంది, చాలామంది మర్చిపోతారు. ముందు అందులో కూర్చోండి. 60ల సింగిల్ సీటర్లు సన్నటి కుర్రాళ్ల కొలతకి కుట్టిన చొక్కాలు. ఒకాయన రెండేళ్లు ఖర్చుపెట్టి బాగుచేయించుకుని, తీరా మొదటిరోజు మోకాళ్లు డాష్‌బోర్డు కింద పట్టక, పాదం రెండు పెడళ్ల మీద ఒకేసారి పడి, దిగి మౌనంగా వెళ్లిపోయాడు. ఆ తర్వాత బండి అమ్మేశాడు. వచ్చింది పెట్టినదానికన్నా తక్కువే.

మీ ప్రశ్నలో మీరు తోలతానని ఎక్కడా అనలేదు. "మావయ్య కష్టం వృథా కాకూడదు" అన్నారు. అందుకని నా మాట ఇది: ఏ కారో తేల్చండి, పాడవకుండా ఆపండి, ఆపైన ఉన్నదున్నట్టు, కాగితాలన్నీ కలిపి అమ్మండి. రంగు వేయించకండి. ఆయన కష్టం ఆ కాగితాల కట్టలోనూ, ఎవరూ గోకని ఆ ఎర్రరంగులోనూ ఉంది.

పాడవకుండా ఆపడమంటే పెద్ద పనేం కాదు. మొదట ప్రతి మూల ఫోటో తీయండి, నేల మీద పడి ఉన్న బోల్టు కూడా ఎక్కడ పడి ఉందో అక్కడే. పాత పెట్రోలు తెలిసినవాళ్ల చేత తీయించండి. బండిని స్టాండ్ల మీదికెత్తండి, పొడి గదిలో పెట్టండి. ప్లాస్టిక్ పట్టా కప్పకండి, లోపల చెమ్మ పడుతుంది, నూలు దుప్పటి చాలు. ఇంజన్‌ని "ఒక్కసారి తిప్పి చూద్దాం" అనే బంధువు ఇంటికొకడుంటాడు, వాణ్ని దూరంగా పెట్టండి. ఆముదంతో చేసిన రేసింగ్ ఆయిల్ వాడి ఉంటే అది ఈపాటికి జిగురులా గట్టిపడి ఉంటుంది. ప్లగ్గులు తీసి సిలిండర్లలో పల్చటి నూనె పోసి వదిలేయండి, అంతే. మోటారు పని తెలిసిన బీమా వాళ్లతో మాట్లాడి ముందే ఒప్పుకున్న విలువకి పాలసీ తీసుకోండి.

అమ్మే ముందు హక్కు కాగితం సరిచూసుకోండి. మిగతా వారసుల సంతకాలు, ఆ ఇంజన్ మావయ్యగారిదేనా లేక ఎవరైనా దాచమని ఇచ్చిందా, ఇవన్నీ. పోటీపడే ఇద్దరు కొనుగోలుదారులు గదిలో ఉంటే వేలం అద్భుతం. లేకపోతే అమ్ముడుపోకుండా వెనక్కొస్తుంది, "ఫలానా వేలంలో పోని బండి" అన్న ముద్ర ఏళ్ల తరబడి వదలదు. మీలాంటి, కొద్దిమందికే తెలిసిన కారుకి నేనైతే ఆ రకం బళ్లు మాత్రమే అమ్మే మధ్యవర్తి వైపే మొగ్గుతాను. కమిషన్, గడువు, కనీస ధర రాతపూర్వకంగా ఉండాలి. స్పేర్లు విడిగా అమ్మకండి, వంకర సస్పెన్షన్ కడ్డీ కూడా బండితోపాటే పోవాలి.

ఇక నెలాఖరు పెద్దమనిషి. తొందర ఆయనది, మీది కాదు. అంత తొందరంటే మీకు తెలియంది ఆయనకేదో తెలుసనే లెక్క. ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి: "ఇది ఏ ఛాసిస్ అని మీరనుకుంటున్నారు?" నంబరు చెప్పి, ఏ ఏడు ఎవరు నడిపారో కూడా చెప్తే, రాసుకోండి, మీ వెతుకులాటకి అదే మొదటి ఆధారం. మాట దాటేస్తే, అది కూడా రాసుకోండి.

ఇవాళ సాయంత్రం టార్చి పట్టుకుని షెడ్డులోకి వెళ్లి, ఛాసిస్ ప్లేటు నాలుగు మూలలా ఉన్న రివెట్ల తలలు దగ్గరగా ఫోటో తీసి పెట్టండి. వాటి చుట్టూ రంగు పగలకుండా ఒకే పొరగా ఉందా, లేక గీతలున్నాయా అన్నది నేను చూడాలి.